నెత్తికి కట్టిన ఫోను

కాస్త తల వంచుకుని పొమ్మని ఎవరు చెప్పినా, ఆళ్లగడ్డ బస్సులో నా పక్కన కూర్చున్న ఆమే గుర్తొస్తుంది. నంద్యాలలో ఎక్కింది. ఒళ్లో థర్మకోల్ విమానం, దాని రిమోటు. తల మీది టోపీకి లంగా ఎలాస్టిక్ కుట్టి, అందులో ఫోను బిగించింది.

"ఫోను నెత్తికి కట్టుకున్యావేందక్కా?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది.

"రెండు చేతులూ రిమోటుకే సరిపోతాయి, ఇంగ వీడియో ఎట్ల తీసేది? అదీగాక, పోయినసారి వీడియోలో ఇమానం ఒక్కటే కనపడేసరికి, ఎగరేసింది మొగోడేనన్యారు చూసినోళ్లు. ఈసారి ముందు తలొంచుతా. రిమోటు మీద నా గాజుల చేతులు వీడియోలో పడతాయి. తర్వాతే ఇమానం లేస్తాది."

టోపీ సర్దుకుని, నవ్వుతున్న వాళ్లందరి వైపూ తిరిగింది.

"నా గాజులు చూపిచ్చేకి తలొంచుతా. ఇంగ దేనికీ వంచను."