పసుపు రాయని శుభలేఖలు

మా అన్నయ్య పోయి ఏడాది దాటింది. తన స్టాంపు ఆల్బమ్‌లు ఇప్పుడు నా దగ్గరున్నాయి. తను బాగా నవ్విన రోజులు గుర్తు చేసుకుందామంటే ముందు నాకు ఆ స్టాంపుల క్లబ్బే గుర్తొస్తుంది.

రాయ్‌పూర్‌లో మాది రైల్వే క్వార్టర్. నాన్న గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. మా వాళ్ళది పార్వతీపురం వైపు. తెలీబంధా చెరువు దగ్గర, రిటైరైన హిందీ మాస్టారి ఇంటి వరండాలో నెలకో ఆదివారం క్లబ్బు కూడేది. ఆయన్ని అందరూ మాస్టర్‌జీ అనేవారు. నా రాత గుండ్రంగా ఉంటుందని అన్నయ్య నన్నూ తీసుకెళ్ళేవాడు. ఆల్బమ్ పేజీల్లో స్టాంపుల కింద దేశం పేరు రాయడం నా పని.

ముందు బేసిన్లో నీళ్ళు పోసి పాత కవర్ల ముక్కలు నానేసేవారు. జిగురు వదిలిన స్టాంపులను పట్టకారుతో తీసి, పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టేవారు. అవి ఆరేలోగా అటుకుల పోహా వచ్చేది. తిన్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్టర్‌జీకి అరచేతులు చూపించాకే బల్ల దగ్గరికి రావాలి. ఆఫీసుల్లో పదిమందిని అదిలించే పెద్దమనుషులు కూడా అక్కడ చేతులు చాపి నిలబడేవారు.

తర్వాత మార్పిడి. అది జరిగినంతసేపూ స్టాంపులు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేసేవారు, మే నెలలో కూడా. చెమట బొట్టు స్టాంపు మీద పడకూడదని అందరూ తలలు వెనక్కి వాల్చి, కళ్ళు మాత్రం కిందికి దించి బేరాలాడేవారు.

"ఏక్ హంగరీకే బద్‌లే దో సిలోన్? యే తో లూట్ హై," ఒక హంగరీకి రెండు సిలోన్‌లా, ఇది దోపిడీ అని ఎవరో అంటే, గార్డుగారు అన్నయ్య వైపు తిరిగి తెలుగులో, "ఆయన హంగరీకి సగం పళ్ళూడిపోయాయి, చూశావా?" అనేవారు. స్టాంపు అంచున ఒక్క పన్ను విరిగినా దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. గార్డుగారు భీమవరం వైపు క్రైస్తవులు, గూడ్స్ బండ్ల మీద గార్డు. క్లబ్బులో మేం కాక తెలుగు మాట్లాడేది ఆయనొక్కరే.

నా పెళ్ళి కుదిరినప్పుడు అమ్మకు ఒకటే దిగులు. ఆమె తమ్ముడు మాతో మాట్లాడి రెండేళ్ళయింది. అమ్మమ్మ పోయినప్పుడు నాన్నకు సెలవు దొరకడం ఆలస్యమై, మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ కోపంతో మామయ్య మాట మానేశాడు. మా వైపు పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తీసుకొచ్చేది మేనమామే.

"ఆడు రాకపోతే నా పిల్లని గంపలో ఎవులు ఎత్తుతారు?" అనేది అమ్మ.

"ముందు శుభలేఖ ఎల్లనీ. అది సూసైనా కరుగుతాడేమో," అనేవాడు నాన్న.

సరిగ్గా ఆ వారమే పిట్ట బొమ్మతో కొత్త స్టాంపు విడుదలవుతోంది. శుభలేఖలన్నీ ఆ స్టాంపుతో, విడుదల నాడే వేసే మొదటి రోజు ముద్రతో పంపుతానని అన్నయ్య పట్టుబట్టాడు. నాన్న సరేనన్నాడు. కవర్ల నాలుగు మూలలా రాయమని అమ్మ గిన్నెలో పసుపు తడిపి ఇచ్చింది. స్టాంపు విడుదలైన రోజు క్లబ్బు సగం అన్నయ్య వెంట పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళింది. ముద్ర వేసే మనిషి చుట్టూ నిలబడి "ధీరే సే, భయ్యా, ధీరే సే" అని మెల్లిగా వేయిస్తూ ఒక్కో కవరు మీదా గుండ్రంగా ముద్ర పడేలా చూశారట.

సాయంత్రం అన్నయ్య ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. అమ్మ గిన్నె అందుకుని చూసింది.

"పసుపు నిండుగా ఉందేటిరా?"

"రాస్తే ముద్ర మీదకి పాకుతాదమ్మా. హల్దీ మరక అసలు పోదు, కవర్ ఖరాబైపోద్దని మాస్టర్‌జీ కూడా అన్నారు."

"అన్నీ అలాగే ఏసీసినావా?"

"అన్నీ. ముద్రలు ఎంత బాగా పడ్డాయో నువ్వు చూడాల."

"మీ మావకి కూడానా?"

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. పసుపు లేకుండా ఊరి నుంచి కార్డు వచ్చిందంటే దాన్ని గుమ్మంలోనే చదివి, లోపలికి తేరు. అది చావు కబురు. అమ్మ గోడకానుకుని కూర్చుంది.

"రెండేళ్ళకి ఆడికి మనింటి నుంచి ఎల్లేది చావు కార్డా," అంది.

మూడు రోజుల తర్వాత డ్యూటీ దిగి వచ్చిన గార్డుగారు సంగతి విని అన్నయ్యను తీసుకుని మా ఇంటికే వచ్చారు.

"మా చర్చి పెళ్ళికార్డులకి కూడా మా అమ్మ పసుపు రాసేదయ్యా. మీరేంటి మరీ ఇలా తయారయ్యారు? ఇంకో కార్డు ఇవ్వండమ్మా, నాకు రెండ్రోజులు సెలవుంది. నేను చేత్తో ఇచ్చొస్తాను," అన్నారు.

అమ్మ కొత్త కార్డుకి పసుపు రాసింది. సలహా ఇచ్చిన పాపానికి మాస్టర్‌జీ కూడా వచ్చి, తానూ రాస్తానని వేలు ముంచి, పేర్లు కనపడనంతగా పూశారు. ఆ రాత్రి విజయనగరం వెళ్ళే బండిలో గార్డుగారు బయల్దేరారు.

మర్నాడు సాయంత్రం, పెళ్ళికి ఇంకా వారం ఉండగా, మా గుమ్మంలో రిక్షా ఆగింది. మామయ్య, అత్త దిగారు. అమ్మ వాకిట్లోకి వచ్చింది. మామయ్య ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు.

"పోస్టుమేన్ కవరు సేతిలో ఎట్టి, ఏటీ మాటాడకుండా ఎలిపోనాడు. సూస్తే పసుపు లేదు. మా అక్క పోయినాదనుకున్నాను. అరుగు మీద కూలబడి ఏడిసినాను. ఊరంతా వొచ్చీసినారు. మీ మరదలు ఇప్పి సదివితే పెళ్ళి. నువ్వు బతికున్నావన్న సంతోసంలో కోపం మాట మర్సిపోనానక్కా. అప్పుడే బండెక్కీసినాం."

జేబులోంచి కవరు తీశాడు. బయల్దేరే ముందు దానికి తనే పసుపు రాశాడు. మూలలకే కాదు, పిట్ట మీద కూడా పడింది. అన్నయ్య రెండు చేతులా కవరు అందుకున్నాడు. పట్టకారు గుర్తుకు రాలేదు.

తర్వాత రోజు గార్డుగారు తిరిగి వచ్చేసరికి మామయ్య మా నడవలో కూర్చుని భోంచేస్తున్నాడు. ఎవరో తెలిశాక గార్డుగారు సంచి కింద పెట్టి, "రెండు రాత్రులు రైల్లో కూర్చుని, మీ ఇంటి తాళంకప్పకి శుభలేఖ ఇచ్చొచ్చానండి. అదీ తప్పకుండా వస్తానంది," అన్నారు.

పెళ్ళినాడు మామయ్య గంప ఎత్తుతూ, "ఏటే గుంటా, ఈ ఊరి రొట్టెలు తిని ఇంత బరువైపోనావు," అన్నాడు. రెండో వైపు అన్నయ్య పట్టుకున్నాడు. పందిట్లో క్లబ్బంతా ఒకే వరసలో కూర్చుంది. అక్షింతలు పంచగానే మాస్టర్‌జీ అలవాటు కొద్దీ, "పంఖా బంద్ కరో," అన్నారు. ఎవరో నిజంగానే ఫ్యాను ఆపేశారు. నా మెడలో తాళి పడేవేళకు పందిరంతా చెమటతో తడిసి నవ్వుతోంది.

మరక పడినదాన్ని ఆల్బమ్‌లో ఉంచకూడదని క్లబ్బు నియమం. అన్నయ్య ఆ కవరును మొదటి పేజీలో పెట్టాడు.

అన్నయ్య పోయినప్పుడు మామయ్యకు నేను కార్డు రాయలేదు. వాళ్ళ పక్కింటికి ఫోన్ చేసి పిలిపించి, నోటితోనే చెప్పాను. అంతా విని మామయ్య అడిగాడు.

"ఆ పిట్ట కవరు ఉందేటే?"

"ఉంది మావయ్యా."

"పసుపు?"

"కొంచెం వెలిసింది. ఉంది."

"ఉండనీ," అన్నాడు.