నీడలు దొంగిలించిన ముసలమ్మకి నేను కట్టిన ఇల్లు

నవల బాగుందా, సినిమా బాగుందా అని ఈ మధ్య మా మనవరాళ్ళు ఇద్దరూ గంటలకొద్దీ కొట్టుకుంటున్నారు. నవలలో ఉన్నదంతా సినిమాలో పాడుచేశారని ఒకర్తె, సినిమా దారి సినిమాదేనని ఇంకొకర్తె. నేను వింటూ నోరు మూసుకుని కూర్చుంటాను. ఈ తగువులో నా పేరు మీద ఒక పాత నేరం ఉంది. నవలా కాని, సినిమా కాని మూడో కథ ఒకటి పుట్టించి, కోటబొమ్మాళిలో ఒక డేరా హాలు కూలిపోయేదాకా తెచ్చిన మనిషిని నేను.

అరవైల చివరి మాట. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. మా నాన్న విజయనగరం పక్క పల్లెలో బడిపంతులు. నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించి, కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఇంటికి ఇచ్చారు. నాకు పద్యాలు వచ్చు, లెక్కలు వచ్చు, పని రాదు. పేడ ఎత్తితే తట్టలోకంటే చీర మీదే ఎక్కువ ఉండేది. చింతపండు కొట్టమని కర్ర చేతికిస్తే, పిక్క మీద పడాల్సిన దెబ్బ నా వేలి మీద పడేది. మా అత్త అదంతా చూసి, వచ్చినవాళ్ళందరితో "ఇజీనగరం పిల్లని తెచ్చుకున్నాం. పనికి కాదు, సూసుకోడానికి" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. కాని ఆవిడ అన్నది నిజమే కాబట్టి తిరిగి అనడానికి ఏమీ దొరికేది కాదు.

అలాంటి రోజుల్లో మా ఆయన టెక్కలి వెళ్ళి, గ్రంథాలయం నుంచి నా కోసం ఒక నవల తెచ్చారు. మంత్రాలు, మాయల కథ. మధ్యాహ్నం మూల కూర్చుని చదువుకుంటుంటే మా తోడికోడలు చూసింది. "నువ్వొక్కదానివే నవ్వుకుంటావేటి? మాకూ సెప్పు" అంది. సరేనని పైకి చదివాను. అప్పుడు మా ఇంట్లో చింతపండు పని నడుస్తోంది. వీధిలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది మా వసారాలో కూర్చుని కాయలు కొట్టి పిక్కలు తీసేవారు. రెండో రోజుకి అందరి చెవులూ నా వైపే. మూడో రోజు మా అత్త తన పీట నా పక్కకి జరుపుకుంది. ఎవరో నన్ను నీళ్ళు తెమ్మంటే కసిరింది.

"దాని సేతులు రెండూ పుస్తకం పట్టుకున్నాయి, కనబడతన్నాదా నేదా? నువ్వే ఎల్లి తెచ్చుకో."

అదీ నా అదృష్టం. పుస్తకం చేతుల్లో ఉన్నంతసేపూ నాకు చీపురు లేదు, పేడ లేదు, చింతపండు లేదు. అంతకంటే పెద్ద సంగతి, మా అత్త నన్ను మొదటిసారి మనిషిలా చూసింది.

కథ చెప్పాలి కదా. ఒక రాజకుమారి నీడని ఎవరో దొంగిలిస్తారు. నీడ లేని మనిషి రోజురోజుకీ పలచబడిపోయి, ఏడాదికల్లా గాలిలో కలిసిపోతుంది. ఆ నీడని వెతకడానికి కుమ్మరివాళ్ళ అబ్బాయి ఒకడు బయల్దేరతాడు. దొంగ ఎవరంటే, చెట్టన్నది లేని బోడికొండ మీద ఒంటరిగా ఉండే ఒక ముసలి మంత్రగత్తె. పళ్ళు లేవు, నడుం వంగిపోయింది. జనం నీడల్ని తెచ్చి కుండల్లో పెట్టి మూత వేసుకుంటుంది. మధ్యాహ్నం ఎండ వేళకి ఒక్కో కుండ మూత తీసి, ఆ నీడని నేల మీద పరుచుకుని దాని కింద కాసేపు కునుకు తీస్తుంది. అంతే. రాజ్యాలూ వద్దు, రత్నాలూ వద్దు.

వసారాలో అందరూ కుమ్మరివాళ్ళ అబ్బాయి పక్షం. మా అత్త మాత్రం మంత్రగత్తె పక్షం. "నీడ నేకపోతే ఏటి సేస్తాది? ఆ కొండ మీద మిమ్మల్ని కూకోబెడితే తెలుస్తాది" అని అందరి మీదా లేచేది. నేను ముందుగా చదివేయకుండా పుస్తకాన్ని రాత్రిపూట తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకునేది. "నువ్వు ముందే సదివేసి మాకు ఎంగిలి కత పెడతావేటి?" అనేది.

ఆ తాళమే నా కొంప ముంచింది. ముందు చదివి ఉంటే చివర పుటలు లేవని నాకు తెలిసేది.

ఆ రోజు కుమ్మరివాళ్ళ అబ్బాయి కొండ ఎక్కాడు. ముసలిది నిద్రపోతోంది. కుండలు వరసగా ఉన్నాయి. వాడు కర్ర ఎత్తాడు. నేను పుట తిప్పాను. అట్ట వచ్చింది. చివరి పుటలు ఎవరు చింపుకుపోయారో, వాళ్ళ చేతులు పడిపోను! తల ఎత్తి చూశాను. ఎనిమిది మంది చేతుల్లో చింతకాయలు ఆగిపోయి ఉన్నాయి. మా అత్త నోరు తెరిచి నన్నే చూస్తోంది. కథ లేదని చెప్తే ఇజీనగరం పిల్ల మళ్ళీ ఇజీనగరం పిల్ల అయిపోతుంది. చింతపండు కర్ర నా పక్కనే గోడకి ఆనించి ఉంది.

అట్ట లోపల గ్రంథాలయం వాళ్ళ నియమాల కాగితం అతికించి ఉంది. నా కళ్ళు "పుస్తకములను పదునైదు దినములలో తిరిగి ఇచ్చివేయవలెను" అని చదువుతున్నాయి. నా నోరు మాత్రం "అప్పుడు ఆ అబ్బాయి ఆ ముసలి ముఖాన్ని చూసి కర్ర దించేశాడు" అంది. అక్కడ నుంచి ఆగలేదు. "పుటలపై సిరా గీతలు గీయరాదు" దగ్గరికి వచ్చేసరికి, కుమ్మరివాళ్ళ అబ్బాయి కొండ కింద ఆవం పెట్టి పెంకులు కాల్చడం మొదలుపెట్టాడు. మోసుకెళ్ళి ముసలమ్మకి పెంకుటిల్లు కట్టాడు. ఆవిడ ఆ వసారా నీడలో కూర్చుని, కుండల మూతలన్నీ తన చేత్తోనే తీసేసింది. నీడలు తమ తమ మనుషుల దగ్గరికి పోయాయి. రాజకుమారి ఆ అబ్బాయిని పెళ్ళి చేసుకుని కొండకి వచ్చి ముసలమ్మ కాళ్ళు పట్టింది. ఈ చివరి ముక్క నేను మా అత్త మొహం చూసి చేర్చాను, దాచుకోవడం దేనికి?

మా అత్త ఏడ్చింది. చింతపండు చేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకా ఏడ్చింది. ఆ తర్వాత ఆ కథ ఆవిడ చెప్పని మనిషి లేడు. సంతలో చెప్పింది, పాతపట్నం బస్సులో కండక్టరుకి చెప్పింది. చివర "మా కోడలు సదివింది, అచ్చులో ఉన్నాది" అని ముద్ర వేసేది. నేను గర్వంతో, భయంతో సగం సగం చచ్చేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత ఆ నవల పూర్తి ప్రతి నాకు దొరికింది. అందులో వాడు కుండలన్నీ పగలగొడతాడు. నీడలన్నీ ఒక్కసారి వచ్చి మీద పడితే, ఆ బరువుకి ముసలిది ఊపిరాడక పోతుంది. రచయితని ఏమీ అనలేను, మంచి ముగింపే. కాని ఆ రోజు ఆ పుటలు ఉండి, ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే మా అత్త చీపురు తిరగేసేది.

మరుసటి ఏడు ఆ నవలని సినిమా తీశారు. కోటబొమ్మాళిలో డేరా హాలుకి వచ్చింది. మైకు పెట్టుకున్న బండి మా ఊళ్ళో తిరిగి కాగితాలు పంచింది. మా అత్త అంతవరకూ సినిమా చూడలేదు. "మన కతే!" అని రెండు ఎడ్లబళ్ళు కట్టించి వీధి వీధినంతా ఎక్కించింది. నేను తలనొప్పి అన్నాను. జ్వరం అన్నాను. "బండిలో తొంగో, గాలికి తగ్గిపోతాది" అని నన్నే ముందు ఎక్కించింది.

సాయంత్రం ఆట. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యన తడక. ఉన్నది ఒకే మిషను కాబట్టి రీలు రీలుకీ లైట్లు వేసేవారు, లైటు వేసినప్పుడల్లా మా అత్త తీర్పు చెప్పేది.

మొదటి రీలులోనే మంత్రగత్తె వచ్చింది. ముసలిది కాదు. పాతికేళ్ళది, పెదాలకి రంగు, మొహం నిండా కాటుక, పాట పాడుతూ నడుం తిప్పింది. "ఇదెవర్తి?" అంది మా అత్త. మంత్రగత్తె అన్నాను. "దీనికి నడుం నొప్పి ఎక్కడున్నాది?" అంది. తర్వాత తేలిందేమిటంటే, దీనికి నీడలు కావలసింది కునుకు తీయడానికి కాదు, మూడు లోకాలు ఏలడానికి. మా అత్త నిర్ఘాంతపోయింది.

"మూడు లోకాలా? ఏటి సేసుకుంటాదే? ఒక్క ఇల్లు ఊడిస్తేనే నడుం ఇరిగిపోతన్నాది!"

కుమ్మరివాళ్ళ అబ్బాయికి భుజం మీద పుట్టుమచ్చ బయటపడి, వాడు తప్పిపోయిన యువరాజని తేలింది. కుమ్మరి వేషంలో ఒక్క కుండ కూడా చేయలేదు గాని కత్తియుద్ధాలు మాత్రం నాలుగు చేశాడు. నవలలో లేని హాస్యగాళ్ళు ఇద్దరు ఊడిపడి, ఒకళ్ళ నీడని ఒకళ్ళు తొక్కుతూ అరగంట తిన్నారు. ఒక్క పాట మాత్రం రంగుల్లో వచ్చింది. అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం, అబద్ధం ఎందుకు. అన్నిటికంటే ఘోరం, నీడ పోయిన రాజకుమారి ఏడుస్తూ పాడుతుంటే, వెనక గోడ మీద ఆవిడ నీడలు మూడు కదులుతున్నాయి. "ఒకటి పోతే మూడొచ్చినాయి, ఇంకా ఎందుకే ఏడుపు?" అని మా అత్త గట్టిగా అరిస్తే, తడక అవతల మగవాళ్ళు కూడా ఈలలు వేశారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముగింపు ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకుంటున్నాను.

ముగింపు వచ్చింది. యువరాజు త్రిశూలం విసిరాడు. మంత్రగత్తె కేక పెట్టి భగ్గున మండిపోయింది. పెళ్ళి, దండలు, శుభం. లైట్లు వెలిగాయి.

మా అత్త లేచి నిలబడింది. "ఇల్లేదీ?" అంది.

ఆవిడ నేరుగా గేటు దగ్గర ఉన్న మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "పెంకుటిల్లు కట్టిన రీలు ఏదిరా? తినేసినావేటి?" డేరా హాలు వాళ్ళు తొందరగా ముగించడానికి పాటలు ఎగ్గొడతారని ఊరందరికీ తెలుసు. అందుకని జనం వెంటనే నమ్మేశారు. "రీలు వెయ్యి! రీలు వెయ్యి!" అని కేకలు. మేనేజరు బక్కపలచటి మనిషి, చొక్కా తడిసిపోయింది.

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. సినిమా అంతే."

"అచ్చులో ఉన్నాది అబద్ధం అవుతాదేటి? నా కోడలు సదివింది. రాయే పిల్లా, సెప్పు ఈడికి!"

అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. ఆ తల ఊపుకి ఇప్పటికీ సిగ్గుపడతాను. అప్పుడు కుర్రకారు డేరా తాళ్ళు ఊడదీయడం మొదలుపెట్టారు. ఒక వైపు గుడ్డ జారింది. మేనేజరు పరిగెత్తి గుంజని రెండు చేతులతో వాటేసుకుని నిలబడ్డాడు. అతని మొహం చూసేసరికి నాకు ఏడుపొచ్చింది.

"పుస్తకంలో చివరి పుటలు లేవు. ఆ ఇల్లు నేనే కల్పించి చెప్పాను. ఆయన తప్పేమీ లేదు" అని అరిచాను.

తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆగిపోయారు. మా అత్త నన్ను ఒక్క చూపు చూసింది. సంతలో, బస్సులో, ఊరందరి ముందు నా మాట మీద నిలబడ్డ మనిషి, ఊరందరి మధ్యనుంచి నడిచివెళ్ళి బండి ఎక్కింది. ఇంటికొచ్చేదాకా మా తోడికోడలికి నవ్వు వస్తోందని తెలుస్తూనే ఉంది, చీర నోట్లో కుక్కుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వసారాలో అందరూ చేరారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. మా అత్తే కేకేసింది. వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను.

"ఒసే, ఆ పుస్తకం రాసినాయన ఆ కొండకి ఎల్లి సూసొచ్చి రాసినాడేటి?"

"లేదత్తా."

"మరి సినిమావోల్లు?"

"వాళ్ళూ లేదు."

"ఆల్లదీ బుర్రలోంచి వచ్చిందే, నీదీ బుర్రలోంచి వచ్చిందే. ఆల్లు ముసిల్దాన్ని కాల్చేసినారు. నువ్వు ఇల్లు కట్టినావు. ఇందులో ఏడుపేటి?"

వంగి ఆవిడ కాళ్ళు ముట్టుకోబోయాను. ఆ వంగిన చేతిలోనే చింతపండు కర్ర పెట్టి, నిండు తట్ట నా ముందుకి తోసింది.

"పుస్తకం నేకుండా సెప్పగలవని తెలిసిపోనాది కదా. మరి సేతులు కాలీయే కదేటి? కూకో. కొడతా సెప్పు."