నీలం లోలాకు మీద నా బొటనవేలు

ఆరేళ్లుగా ఒక మచ్చ మోస్తున్నాను. చింతగింజంత కూడా ఉండదు. అయినా బరువే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మా తోడికోడలు ఎస్తేరు టైటానియం రేకుతో లోలాకులు చేసేది. గిల్టువి పెట్టుకుంటే చీము పట్టే మా అత్తగారి చెవులు వాటితోనే మానాయి. "ఇరవై ఏళ్ల నుంచీ ఎదురుగా తిరుగుతున్నావు, నా చెవి వంక ఎప్పుడన్నా చూశావుటే పెద్దకోడలా?" అన్నారు నాతో. నవ్వుతూనే అన్నారు. నాకు గుచ్చుకుంది.

ఎస్తేరు వాటికి రంగు పూసేది కాదు. వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, ఒక పెట్టె నుంచి కరెంటు పంపేది. వోల్టు పెంచేకొద్దీ కంచురంగు, ఊదా, నీలం. రంగు ఎక్కణ్ణుంచి వస్తోందే అని ఒకసారి అడిగాను.

"రంగేం లేదక్కా. పైన పల్చటి పొర పడుతుంది. దాని మందాన్ని బట్టి వెలుగు మారుతుంది. వాననీళ్ల మీద పెట్రోలు చుక్క చూళ్లేదా, అలాగ. కడిగాక చెయ్యి మాత్రం తగలకూడదు. జిడ్డున్న చోట పొర సరిగ్గా పట్టదు."

ఆ మాట దాచుకున్నాను. ఎందుకో అప్పుడు నాకు తెలుసా? తెలిసే ఉంటుంది.

క్రిస్మస్‌కి మా చర్చి పాటల బృందంలో పన్నెండుమంది ఒకే నీలం లోలాకులు అడిగారు. ఎస్తేరుకు వీధిలో వచ్చిన మొదటి పేరు అది. పండగ రోజు పొద్దున అన్నీ కడిగి, తెల్లగుడ్డ మీద పరిచి, స్నానానికి వెళ్లింది. నేను అరిసెలు వత్తుతున్నాను. ఆ నూనె చేత్తోనే లేచి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కాను, పాప బుగ్గ నొక్కినంత మెల్లగా. పన్నెండు జతలూ. ఆఖరి జత దగ్గరైనా ఆగొచ్చు కదా? ఆగలేదు.

ఎస్తేరు వచ్చి వాటిని సోడానీళ్లలో ముంచి కరెంటు పంపింది. నీలం నిండా కంచురంగు మచ్చలు. గీకి మళ్లీ చేసే వ్యవధి లేదు, సాయంత్రమే ఆరాధన.

"నా చెయ్యే మంచిది కాదక్కా" అంది ఎస్తేరు. దగ్గరకు తీసుకున్నాను. వేడి అరిసె తినిపించాను కూడా. ఆ కరెంటు పెట్టె ఆమె మళ్లీ ముట్టలేదు. ఇప్పుడు నిడదవోలులో ఒక బట్టలకొట్లో పొద్దస్తమానం నిలబడుతోంది. ఆమెకు పోయిన మెప్పు నాకేమైనా వచ్చిందా అంటే, అదీ లేదు.

ఒక లోలాకు నా పోపులపెట్టె అడుగున ఉంది. నేను చదివింది ఐదో తరగతి, నా సంతకం ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. ఇది మాత్రం ఎప్పుడు ఎండలో పట్టి చూసినా అవే బొటనవేలి గీతలు. ఆ చెయ్యి ఎస్తేరుది కాదు. నాది.