ఇంజను ఇసుక

తెలిసి పోశాడా, తెలియక పోశాడా? ఆ ముసలాయన వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా ఆయన కూతురు ఈ మాట దగ్గరే ఆగిపోతుంది. ఈ కథ చెప్పేవాళ్ళకీ జవాబు తెలియదు.

ఆయన్ని అందరూ ఇసుకాయన అనేవాళ్ళు. చూపు ఆనినంత మేరా ఇసుకే ఉన్న చోట, రైలు షెడ్డులో ఇసుక వేయించి జల్లించడం ఆయన ఉద్యోగం. కొత్తగా చేరిన ప్రతివాడూ నవ్వేవాడు.

"ఏం బాబాయ్, సముద్రం ఒడ్డున కూచుని ఉప్పు కొనుక్కుంటున్నావా?"

ఆయన లేచి లోపలికెళ్ళేవాడు. రెండు గుప్పిళ్ళు తెచ్చి వాడి రెండు చేతుల్లో పోసేవాడు. ఒకటి ఎక్కడో దూరపు నది నుంచి వ్యాగన్‌లో వచ్చిన తెల్ల ఇసుక. పలుకు పలుకుగా అరచేతిని గిల్లేది. రెండోది ఇంటి వెనక దిబ్బలోది. ఎర్రగా, గాలికి దొర్లి దొర్లి నునుపెక్కి, పిండిలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది.

"అది చక్రాన్ని పట్టుకుంటుంది. ఇది జారుడుబల్ల వేస్తుంది. ఇక పోయి పని చూసుకో."

ఖనిజం నింపుకున్న గూడ్సు దిబ్బల మీదుగా ఎత్తెక్కేటప్పుడు చక్రాలు జారితే డ్రైవరు పెడలు తొక్కుతాడు. ఇంజను పెట్టెలోంచి ఇసుక గొట్టం గుండా పట్టాల మీద పడి, చక్రానికి పట్టు దొరుకుతుంది. ఆ పెట్టెలు నింపేది ఇసుకాయనే. తన చేతి మీదుగా ఒక్క ఇంజను కూడా ఖాళీ పెట్టెతో కదల్లేదని చెప్పుకునేవాడు. ఆయన చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

అల్లుణ్ణి ఎంచిందీ ఆయనే. ఎత్తు మీద ఆ కుర్ర డ్రైవరు నడిపే బండి చప్పుడు విని, "వీడికి తొందర లేదు, పిల్లనివ్వొచ్చు" అని తేల్చేశాడట. భార్య పోయాక కూతురింటికే చేరాడు. "ఇల్లరికం వచ్చింది నేనండీ, మా అల్లుడు కాదు," అని ఇరుగుపొరుగుతో అంటూ ఉండేవాడు.

ఆ మధ్యాహ్నం కూతురు డాబా మీద బట్టలారేస్తూ మొగుడి బండికేసి చూసింది. రోజూ చూసేదే. ముందు మూడు ఇంజన్లు, వెనక ఖనిజం పెట్టెలు, తోక ఇంకా షెడ్డు దాటలేదు. ఎండకి పట్టాల మీద గాలి ఊగుతోంది, ఇంజన్లు నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. సగం ఎత్తులో చప్పుడు మారింది. బరువులాగే మోత పోయి, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్న కీచుమనే రొద. ఇసుక వేస్తాడు, సర్దుకుంటుంది అనుకుంది. చక్రాల కింద నుంచి ఎర్రటి పొడి లేచింది.

తెల్లటిది లేవాలి కదా అని ఆమె మనసుకి తట్టేలోపే బండి ఆగింది. ఆగి, వెనక్కి కదిలింది.

తడి చొక్కా చేతిలోనే ఉండిపోయింది. పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది. కింద వీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని రెక్కలు పట్టి ఈడ్చుకుపోతున్నారు. బ్రేకులు పట్టేసరికి ఆలస్యమైపోయింది. చివరి పెట్టె పట్టాలు తప్పి, షెడ్డు గోడని గుద్దుకుని ఒరిగింది. దూకేసిన గార్డుకి కాలు విరిగింది.

సాయంత్రం మొగుడు ఇంటికొచ్చాడు.

"డ్యూటీలోంచి దింపేశారు. రేపు విచారణ. ఇసుక పెట్టెలు ఖాళీగా ఉంటే చూసుకోకుండా బయల్దేరావంటున్నారు. వేశానండీ బాబూ, మొత్తం వేశాను అంటే, పట్టాల మీదున్నది గాలికొచ్చిన ఎడారి ఇసుకంటున్నారు." చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "చక్రం కింద నుంచి తెచ్చాను. ఏదో నువ్వే చెప్పు."

పొట్లం విప్పి వేళ్ళతో నలిపింది. చిన్నప్పుడు తండ్రి పక్కన జల్లెడ పట్టిన చేతులవి. పిండిలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"నింపాక మూత తీసి చూశావా?"

"మావయ్య పోశాక చూసేదేముంటుందే?"

అతను కళ్ళెత్తలేదు. ఉద్యోగం పోయేది అతనిదని ఇద్దరికీ తెలుసు.

తండ్రి పెరటి మెట్టు మీద దిబ్బకేసి చూస్తూ కూచున్నాడు.

"నాన్నా, నది వ్యాగన్ రాలేదా?"

"రాలేదు. ఇసుక కొట్టు మూల పాత కుప్ప మిగిలుంటే అదే పోశాను."

ఆ మూల గోడకి పగులుంది. గాలి లేస్తే దిబ్బంతా అందులోంచే లోపలికొస్తుంది. ఆ సంగతి ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు?

"నది ఇసుకేనా అది?"

"పైన దుమ్ముకి ఎర్రబారినా, చేతికి గరుగ్గానే తగిలింది తల్లీ."

ఆమె ఆయన చెయ్యి లాగి పొట్లంలోది అరచేతిలో పోసింది. "ఇదేమిటి?"

ఆయన చాలాసేపు నలిపాడు. ఇసుక వేయించే పెనాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన వేళ్ళు, కొసలు గాజులా నున్నగా అరిగిపోయాయి. ఎర్రటి ఇసుక ఆ వేళ్ళ మధ్యనుంచి ఒళ్ళోకి కారిపోతూనే ఉంది.

"నదిదే," అన్నాడు.

ఆమె ఖాళీ కాగితం నలిపి లేచింది. లోపలికొచ్చి, పొయ్యి మీద ఏం పెట్టిందో మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

మర్నాడు మొగుడు విచారణకి వెళ్ళి, తొందరగానే తిరిగొచ్చాడు. ఉద్యోగం నిలబడింది. ఆ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"నాకంటే ముందే వెళ్ళి చెప్పేశాడు మీ నాన్న. 'ఎడారి ఇసుకని తెలిసే పోశాను. అల్లుడికి చెప్పలేదు. ఇసుక లేదు, బండి ఆపండంటే ఆపేవాళ్ళా మీరు?' అన్నాడట."

"తెలిసేనా?"

"తెలిసే అన్నాడట."

ఆ బండి నడిపేది సొంత అల్లుడే కదా? తెలిసే పోశాడా? లేక మొగుణ్ణి కాయడానికి అక్కడ అబద్ధమాడాడా? అది అబద్ధమైతే నిన్న తనతో అన్నది నిజమేగా. లేదా నిన్నటిదే అబద్ధమేమో. పెరట్లోకి పరిగెత్తింది. మెట్టు ఖాళీ. ఆయన ట్రంకుపెట్టె లేదు. జల్లెడ మాత్రం కడిగి గోడకి బోర్లించి ఉంది.

డాబా ఎక్కేసరికి మధ్యాహ్నం గూడ్సు కదిలింది. పొద్దున్నే నది వ్యాగన్ వచ్చిందట. వేరే డ్రైవరు. తోకన గార్డు పెట్టె గుమ్మంలో, తన ట్రంకు మీద కూచుని ఉన్నాడు ఇసుకాయన. డాబా కింద నుంచే పోయాడు. తలెత్తలేదు. ఒక చెవి ఇంజన్ల వైపు వంచి వింటున్నాడు.

సగం ఎత్తులో చక్రాలు ఒక్కసారి జారాయి. తెల్లటి పొడి లేచింది. బండి పట్టు దొరకబుచ్చుకుని ఎత్తు దాటేసింది.