చదవగలిగేంత వెలుతురు

మీటర్ల మేస్త్రి అంటే ఆ వీధిలో ఎవరైనా షెడ్డు చూపిస్తారు. కారుతోపాటు వచ్చిన మీటర్లు చాలక ఇంజను వేడికొకటి, ఆయిలు ప్రెషరుకొకటి అదనంగా పెట్టించుకునేవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. మీటరు బిగించడం బ్రహ్మవిద్యేమీ కాదు. తంటా అంతా దాని లోపలి లైటుతోనే. తొందర మేస్త్రీలు ఆ లైటు వైరుని పార్కింగ్ లైటు వైరుకి మెలిపెట్టి, టేపు చుట్టి, చేతులు దులుపుకుంటారు. చీకటి పడ్డాక డ్రైవరు నాబ్ తిప్పి డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించుకుంటే అన్నీ బుద్ధిగా తగ్గుతాయి, కొత్త మీటరు మాత్రం నాకేం పట్టిందన్నట్టు వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగు ముందు అద్దంలో పడి రోడ్డుని మింగేస్తుంది.

మన మేస్త్రి అలాంటి పని చెయ్యడు. స్టీరింగు కింద తల దూర్చి, వైర్ల గుత్తిలో నాబ్ నుంచి వచ్చేదాన్ని వెతికి పట్టుకుని దానికే కలుపుతాడు. అక్కడితో ఊరుకుంటాడా అంటే అదీ లేదు. షట్టరు దించి, కారు మీద నల్ల టార్పాలిన్ కప్పి, పట్టపగలే కటిక చీకటి చేసుకుని లోపల కూర్చుంటాడు. నాబ్ చివరిదాకా తగ్గించినా మీటరు మీద అంకెలు తన కంటికి ఆనాలి, అంతకు మించి పిసరంత వెలుగు ఉండకూడదు. అందుకు కరెంటుని తగ్గించే రెసిస్టరు ఏది సరిపోతుందో మార్చి మార్చి చూసి, అప్పుడు టంకం పెడతాడు. మేస్త్రి గుడ్లు పొదుగుతున్నాడని పక్క షెడ్డువాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఆయన చేసిన కారు తిరిగొచ్చిన దాఖలా మాత్రం లేదు.

వానలు మొదలయ్యాక కార్లు తిరిగి రావడం మొదలుపెట్టాయి. మీటరు కళ్లలో పొడుస్తోందని ఒకరు, దాని మీద గుడ్డ కప్పుకుని నడుపుతున్నానని ఇంకొకరు. మేస్త్రి ముందు రెసిస్టర్లు చేసిన కంపెనీని తిట్టాడు, తర్వాత మీటర్లు చేసిన కంపెనీని, ఆఖరికి వచ్చినవాళ్ల కళ్లనే తిట్టాడు. తన కళ్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే తండ్రి గుర్తొచ్చేవాడు. పొద్దు వాలితే చాలు, ఆ పెద్దమనిషి గోడ తడుముకుంటూ వచ్చి గుమ్మం పక్కన కూలబడేవాడు. రేచీకటి. ఆ మాట మనసులో మెదిలినప్పుడల్లా మేస్త్రి ఏదో ఒక పని నెత్తినేసుకునేవాడు. ఈ చేతులకి కళ్లు లేకపోతే షెడ్డు ఎందుకు, తానెందుకు అని ఆయనకి భయం.

రోజూ చీకటి పడే వేళకి కూతుర్ని టైపు క్లాసు నుంచి స్కూటరు మీద తీసుకొచ్చేది ఆయనే. ఒకరోజు ఇంటికి తిరగాల్సిన మలుపు దాటిపోయి, ముందు వెళుతున్న లారీ వెనకే తిన్నగా కలప డిపోలోకి తీసుకెళ్లాడు. వాచ్‌మన్ ఏ సరుకు కావాలని అడిగాడట. ఇంట్లో ఆ కథ చెప్పుకుని నెల్లాళ్లు నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే.

ఒక ఉదయం బావమరిది వచ్చాడు. అద్దె కారు నడుపుతాడు, రాత్రి బేరాలే ఎక్కువ. అతని కారుకి ఈ మధ్య మీటర్లు పెట్టింది కూడా మేస్త్రే. ఎప్పుడూ వస్తూనే వాగుడు మొదలుపెట్టే మనిషి కారు తాళం బెంచీ మీద పడేసి కూర్చున్నాడు.

"బావా, రాత్రి ఒక మనిషిని గుద్దేసేవాణ్ణి," అన్నాడు. "సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. అద్దం నిండా నీ మీటరే. బంపరు తగిలి సైకిలు పడిపోయింది. వాడు బతికిపోయాడంతే."

మేస్త్రికి ఒళ్లు మండింది. తన వైరింగుకి వంక పెట్టేంత మొనగాడివయ్యావా అని నాలుగు మాటలని, కారు లోపల పెట్టించి, డ్యాష్‌బోర్డు ఊడదీశాడు. ప్రతి అతుకూ చూశాడు. ఎక్కడా లోపం లేదు. లోపం కనపడి ఉంటే ఎంత హాయిగా ఉండేదో ఆయనకి అప్పుడే తెలిసింది.

అన్నం క్యారియరు తెచ్చిన కూతుర్ని కారులో కూర్చోమన్నాడు. షట్టరు దించి, టార్పాలిన్ కప్పి, తనూ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. చీకటికి అలవాటు పడేదాకా ఇద్దరూ ఊరికే ఉన్నారు. ఆయన చెయ్యి చాచి నాబ్‌ని చివరిదాకా తిప్పాడు.

"చూశావా, అంకెలు ఆనీ ఆననట్టున్నాయి. ఇంతకంటే తగ్గిస్తే ఆరిపోయినట్టే. మీ మామయ్యకి ఇది కళ్లలో పొడుస్తోందట."

కూతురు ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వబోయి ఆగిపోయింది.

"నాన్నా, ఈ వెలుతురులో నాకు నీ చొక్కా గుండీలు కనపడుతున్నాయి."

ఆ పిల్లకి ఒకటొకటిగా ఏవో గుర్తొస్తున్నట్టున్నాయి.

"ఆ రోజు కలప డిపోలోకి... లారీ ఎర్రలైటు చూసుకుని పోయావా?"

"ముందుపోయే బండి ఎర్రలైటు చూసుకునే రోజూ ఇంటికి తెస్తున్నానమ్మా నిన్ను," అన్నాడు మేస్త్రి. "రోడ్డు కనపడదు."

కూతురు ఏడవలేదు, కోప్పడలేదు. తన సీటు అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, కదలని కారులో. అది ఆయనకి కనపడలేదు, సీటు కిర్రుమంటే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నాళ్లూ తన గుట్టు దాచుకున్నానే అనుకున్నాడు గానీ, కూతుర్ని పణంగా పెట్టి దాస్తున్నానని అనుకోలేదు.

వెలుతురు ఎంతుంటే చాలో చెప్పమన్నాడు. ఒక్కో రెసిస్టరూ తడుముకుంటూ మార్చి పెడుతుంటే, ఇంకా ఎక్కువే, ఇంకా ఎక్కువే అంటూ వచ్చింది. ఆయన కంటికి మీటరు ఎప్పుడో మాయమైపోయింది. నల్లటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి, ఇప్పుడు బాగుంది నాన్నా, హాయిగా చదువుకోవచ్చు అంది. షట్టరు ఎత్తి, పగటి వెలుగులో, ఆ మాట మీదే టంకం పెట్టాడు.

బావమరిది కారు తీసుకుని వెళ్లాక స్కూటరు తాళం తీసి బల్ల మీద పెట్టాడు. కూతురు దాన్ని తీసుకుని గుప్పిట్లో మూసుకుంది. వానలప్పటినుంచి ఇంకా ఎన్ని కార్లు ఇలా ఎక్కువ వెలుతురుతో వెళ్లాయని అడిగింది.

అన్నీ గుర్తున్నాయి ఆయనకి. ఫోను తీశాడు. మొదట గుడ్డ కప్పుకుని నడుపుతున్నానన్న ఆయనకే చేశాడు. ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి పంపించాడు.

"నేనండీ, మీటర్ల మేస్త్రిని. మీ కారు ఒకసారి తీసుకురండి, పగలు. వైరింగు బాగానే ఉంది." కూతురి వైపు చూడకుండా అన్నాడు. "నాకే చీకట్లో కళ్లు కనపడటం లేదు."