గుర్రాలు కక్కవు

నా మొదటి నవలలో నూట పదకొండో పేజీలో ఒక గుర్రం వాంతి చేసుకుంటుంది. ఆ పేజీ నేను రాయలేదు. కానీ అట్ట మీద పేరు నాది కాబట్టి ఆ వాంతి కూడా నాదే అయింది.

నవల అనగానే పెద్దగా ఊహించుకోకండి. అరచేతిలో ఇమిడే సైజు, న్యూస్‌ప్రింటు కాగితం, చదువుతుంటే వేళ్ళకు అంటుకునే అచ్చు. అద్దె పుస్తకాల షాపులో ఒక పక్క చేతబడి నవల, ఇంకో పక్క డిటెక్టివ్ నవల ఉంటే మధ్యలో ఇరుక్కుని నిలబడే రకం. అమెరికాలో అంతర్యుద్ధం ముగుస్తుంది. ఓడిపోయిన సైన్యంలోని సిపాయి ఒకడు తన ఆడగుర్రమెక్కి పడమటి దిక్కున, అప్పుడప్పుడే పుడుతున్న ఊళ్ళవైపు బయల్దేరతాడు. అక్కడ చట్టం ఉండదు, నీళ్ళుండవు, కంచెలు మాత్రం ఉంటాయి. ఆ మూడూ మా కాలనీలో కూడా అలాగే ఉండేవి కాబట్టి రాయగలననుకున్నాను.

అమెరికాను నేను చూడలేదు. వాళ్ళ అంతర్యుద్ధం డిగ్రీ పుస్తకంలో ఒకటిన్నర పేజీ ఉండేది. పరీక్షకు రాదని మా మేష్టారు అది కూడా వదిలేశారు. అందుకని శంషాబాద్ నుంచి మంఖాల్ వైపు సైకిలు తొక్కుకుంటూ పోయి, ఆ రాళ్ళగుట్టల్నీ తుమ్మచెట్లనీ చూసి, టెక్సాస్ ఇలాగే ఉంటుందని తీర్మానించుకున్నాను. సీతాఫలం పొదలు మాత్రం తీసేశాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కలే ఎక్కడో విమానాలు దిగుతాయని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మా వీధికింకా బస్సే రాలేదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, స్థలం చౌకని ఇక్కడ ఇల్లు కట్టుకున్న గుమాస్తా. "కాటేదాన్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని ఉందిరా, చేరతావా, గుర్రాల మీదే తిరుగుతావా?" అని రోజూ కాఫీతోపాటు అడిగేవారు. నేను అప్పటికి గుర్రాన్ని పరీక్షగా చూసింది కూడా లేదు. పెళ్ళి ఊరేగింపులో చూశాను గానీ, అప్పుడు దాని మీద మా కజిన్ ఉన్నాడు, అందరం వాణ్ణే చూశాం.

అందుకే టాంగా తాత దగ్గరకు పోయాను. మా వెనక వీధిలో ఉండే ఆయన ముప్పై ఏళ్ళపాటు రైల్వేస్టేషనుకూ ఊరికీ మధ్య టాంగా నడిపిన మనిషి. గుర్రం పోయి అప్పటికి మూడేళ్ళు. బండి పెరట్లో బోర్లా పడి ఉండేది, దాని మీద ఆయన భార్య, మేం అవ్వ అని పిలిచే ఆవిడ, మిరపకాయలు ఆరబోసేది. రేకుల షెడ్డులో గుర్రం లేదు, వాసన మాత్రం ఖాళీ చేయలేదు.

"తాతా, గుర్రం రోజుకు ఎంత దూరం పోతుంది?"

"ఎవలెక్కుతరు? నువ్వా?"

"నేను కాదు, హీరో."

"ఆయన బరువెంత?"

హీరోకు నీలికళ్ళిచ్చాను, గడ్డం మీద గాటిచ్చాను, గుండె నిండా బాధ ఇచ్చాను. బరువివ్వడం మర్చిపోయాను.

మొదటి అధ్యాయం చదివి వినిపించాను. అందులో హీరో పగ తీర్చుకోడానికి మూడు రోజులు గుర్రం దిగకుండా పోతాడు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం.

"మూడు దినాలు? దిగకుంట?" అన్నాడు తాత.

"ప్రతీకారం తాతా."

"ప్రతీకారం ఆనికున్నది. గుర్రానికేమున్నది? ఉచ్చకన్న ఆపిండా లేదా?"

అలా మొదలైంది నా చదువు. గిట్టలో రాయి ఇరుక్కుని చీము పడితే వచ్చే కంపు ఎలా ఉంటుందో, జీను కింద ఒరుసుకుపోయిన పుండు మీద ఈగలు ఎలా ముసురుతాయో, గుర్రం పళ్ళమధ్య నురగ ఎంత దూరం ఎగిరి తోలేవాడి నోట్లో పడుతుందో తాత ఎంతో ప్రేమగా వర్ణించేవాడు. నేను అన్నం ముందు కూర్చుంటే అవే గుర్తొచ్చేవి. మా అమ్మ "ఏంట్రా, వేవిళ్ళా?" అనేది. పదిహేను రోజుల్లో నవలలోని హీరోకు స్నానం చేయించాలన్నంత అసహ్యం నాకే పుట్టింది. మొదటిసారిగా వాడు మనిషిలా కనిపించాడు.

ఒక మధ్యాహ్నం అవ్వ సంతకు పోయింది. తాత బీడీ ఆర్పేసి దగ్గరకు జరిగాడు.

"రైటర్ సాబ్, గింత చెప్పినగద. నాదొక్క మాట రాస్తవా?"

"చెప్పు తాతా."

"నా గుర్రం ఎట్ల సచ్చిందో రాయాలె."

పాము కరిచి చచ్చిందని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. అదే అన్నాను.

"పాము లేదు, గీము లేదు." ఆయన షెడ్డు వైపు చూశాడు. "జల్‌పల్లి దిక్కు ఒక పెండ్లి ఉండె. పిలగాణ్ణి ఎక్కించి ఊరేగించినం. తెల్లారి ఆళ్ళు మిగిలిన అన్నం పారబోస్తున్నరు. నా దగ్గర శనగలు లేకుండె. రెండు తట్టలు ఎత్తుకొచ్చిన. పుల్లటి వాసనొస్తుండె, ఎరుకే నాకు. ఎరుకుండే పెట్టిన."

తర్వాత జరిగింది ఆయన వేగంగా చెప్పాడు. గుర్రం మెడ తిప్పి తన కడుపునే చూసుకోవడం మొదలుపెట్టింది. కాలితో నేల గీరింది. పడుకుని పొర్లబోతే పేగు మెలిపడుతుందని, కళ్ళెం పట్టుకుని స్టేషన్ దాకా, మళ్ళీ ఇంటిదాకా నడిపించాడు. పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చాడు.

"కక్కియ్యి సారూ అని కాళ్ళు మొక్కిన. గుర్రాలు కక్కయి అన్నడు. కుక్క కక్కుతది, పిల్లి కక్కుతది, తాగుబోతోడు కక్కుతడు. గుర్రానికి పోయింది మళ్ళ రాదంట. ముప్పై ఏండ్లు తోలిన, నాకు గది ఎరుకలేకుండె."

గుర్రం మధ్యాహ్నం పన్నెండున్నరకు పోయింది. అవ్వ కూలి నుంచి వచ్చేసరికి తాత నోట్లో పాము తయారుగా ఉంది.

"ముసల్దానికి నోరిడిసి చెప్పలేకపోతున్న. నీ బుక్కుల ఉంటే చదివిపిస్త. నా పేరొద్దు. గా తెల్లోని పేరే ఉండనీ. కాని తిండి పెట్టింది ఆడే అని రాయాలె."

నాకు ఇలాంటి చోట్ల నవ్వొస్తుంది. కష్టం ఎక్కువైనప్పుడు ఏదో ఒక వెటకారం ఆడి తప్పించుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. "పుస్తకం చదివించడం కన్నా చెప్పడమే తేలిక కదా తాతా, అచ్చుకు ఆర్నెల్లు పడుతుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. రాస్తానని ఒప్పుకున్నాను.

రాశాను కూడా. యుద్ధంలో మిగిలిన బూజు పట్టిన జొన్నల బస్తా, ఆకలితో ఉన్న ఆడగుర్రం, వాసన తెలిసీ దోసిలి పట్టిన సిపాయి. మూడు పేజీలు. ఆ నవలలో మిగతా నూట ఇరవై పేజీలు ఇప్పుడెవరైనా చదువుతుంటే పక్కకు తప్పుకుంటాను. ఆ మూడు పేజీలకైతే నిలబడి ఉండేవాణ్ణి.

ఆర్నెల్లకు పబ్లిషరు దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది, పది కాపీలు. అట్ట మీద హీరోకు మన సినిమావాళ్ళ మీసం పెట్టారు. గుర్రం ముఖం అల్సేషియన్ కుక్కలా ఉంది. సరే, బొమ్మ వేసినవాడూ నాలాగే గుర్రాన్ని సరిగ్గా చూసి ఉండడని సర్దుకున్నాను. నూట పదకొండో పేజీ తీశాను. విలన్ దొంగచాటుగా వచ్చి దాణాలో విషం కలిపాడు. గుర్రం భళ్ళున కక్కింది. కక్కి, "విజయగర్వంతో" సకిలించింది. ఆ తర్వాతి పేరాలో హీరో కళ్ళెర్రజేసి తుపాకీ తీశాడు. గుర్రానికి కుదరని పని నాకు కుదిరేలా ఉంది.

బస్సెక్కి కోఠిలోని పబ్లిషరు ఆఫీసుకు పోయాను. ఆయన పునుగులు తింటున్నారు. మీసానికి అల్లం పచ్చడి అంటుకుని ఉంది.

"హీరో తన గుర్రాన్ని తనే చంపుకుంటాడా బాబూ? ఎవరైనా అద్దెకు తీసుకుంటారా?"

"చంపలేదండీ. ఆకలిగా ఉందని పెట్టాడు."

"అదే మరి. తప్పు చెయ్యడానికి విలన్ని పెట్టుకున్నాం కదా. వాడికీ ఏదో ఒక పని ఉండాలిగా."

"గుర్రాలు కక్కవండీ."

"మన పాఠకులకు తెలుసా ఆ సంగతి?"

"తెలియదు."

"మరి నీకెందుకు బాధ?" అని ప్లేటు నా వైపు జరిపారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండు పునుగులు తిన్నాను. రాతప్రతి తిరిగివ్వమంటే తూకానికి వేసేశామన్నారు. తిరుగు బస్సులో కాటేదాన్ దాటుతుంటే కిటికీలోంచి కాగిన నూనె కంపు కొట్టింది. దానిమీద కూడా కోపం వచ్చింది, పాపం దాని తప్పేం లేకపోయినా.

పుస్తకం వచ్చిందని తాతకు అప్పటికే తెలిసిపోయింది, మా అమ్మ చెప్పిందట. ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని కూర్చున్నాడు. అవ్వను మంచం మీద కూర్చోబెట్టాడు. ఆవిడ ఒళ్ళో చింతపండు, చేతిలో గింజలు తీసే పుల్ల.

"పని ఇడిసిపెట్టి గిదేంది?" అంది అవ్వ.

"ఇను. జరసేపు ఇను," అన్నాడు తాత.

నాకు కట్టుకథ చెప్పే ధైర్యం రాలేదు. అచ్చులో ఉన్నదే చదివాను. విషం కలిసింది. గుర్రం కక్కింది, సకిలించింది.

"అయ్యో, బతికిందా? మంచిగయింది," అంది అవ్వ.

తాత లేచి నిలబడ్డాడు. పెరటి గోడ దాకా పోయి థూ అని ఉమ్మేసి వచ్చాడు.

"గది గుర్రం గాదు. కుక్క."

"నేను అట్లా రాయలేదు తాతా. వాళ్ళు మార్చారు."

"ఇసం కలిపెటోడెవడు? మా ఇంట్ల గసొంటోడెవడుండె? నువ్వు రాసింది చదువు."

కాగితాలు లేవు. ఉన్నంతవరకు జ్ఞాపకం నుంచి చెప్పాను. బస్తా, బూజు, వాసన, దోసిలి. అవ్వ పుల్ల ఆపింది.

"ఆడే పెట్టిండా?"

"ఆడే," అన్నాడు తాత. కొంచెం ఆగి, "నేనే," అన్నాడు.

అవ్వ మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "నాకెరుకే."

"ఏందెరుక?"

"గాదినం నీ చేతులు పులిసిన అన్నం వాసనొచ్చినయ్. పాము కరిస్తే గట్లొస్తదా? నువ్వే చెప్తవని సూసిన. మూడేండ్లు సూసిన. ఇగ ఆఖరికి ఈ పిలగానితోని చెప్పిచ్చినవ్."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి పోయి పొయ్యి రాజేసింది. తిట్టుంటే బాగుండేదని తాత ముఖం చూస్తే తెలిసింది. మూడేళ్ళుగా దాచిపెట్టుకున్నది బయటపెడితే, ఇంటావిడ అదెప్పుడో తీసి చూసి మళ్ళీ పెట్టేసిందని తేలితే ఆ మనిషి ఇంకేం చేస్తాడు?

"మన ఊళ్ళె గీ బుక్కు ఇంకెక్కడున్నది?" అన్నాడు తాత.

"బస్టాండు దగ్గర అద్దె షాపులో ఒకటి."

"గదన్న సక్కగ జెయ్."

మర్నాడు నా పుస్తకాన్ని నేనే అద్దెకు తెచ్చుకున్నాను. నూట పదకొండో పేజీలో వాంతిని అడ్డంగా కొట్టేసి, అంచున పెన్నుతో రాశాను: "విషం ఎవరూ కలపలేదు. చెడిపోయిన గింజలని తెలిసి అతనే పెట్టాడు. గుర్రాలు కక్కవు. ఇది చచ్చిపోయింది." వెనక్కిస్తే షాపతను పేజీలు తిప్పి చూశాడు.

"ఏంది తమ్మీ, బుక్కు ఖరాబ్ చేసినవ్?"

"ఈ పుస్తకం నాదే అన్నా. అట్ట మీద పేరు చూడు, నేనే."

"ఎవలన్న గానీ నాకేంది. పెన్నుగీతలకు జరిమానా." కట్టాను. రచయితగా నా మొదటి చెల్లింపు అదే.

అద్దె పుస్తకాల పాఠకులు ఊరుకోరని మీకు తెలుసు. రెండు నెలల తర్వాత పోయి చూస్తే నా రాత కింద నాలుగు రకాల సిరాలున్నాయి. ఒకరు "మంచి కథ పాడు చేసిన మెంటల్ ఎవడు?" అని రాశారు. ఇంకొకరు గుర్రం బొమ్మ వేసి దాని కింద దండ గీశారు. ఒక గుండ్రటి చేతిరాత, ఆడపిల్లదేమో, "తెలిసి పెట్టాడా? ఛీ, వాడూ ఒక మనిషేనా?" అంది. దాని కింద ఎర్ర సిరాతో "పాపిష్టివాడు" అని ఉంది, రెండుసార్లు గీత గీసి మరీ.

తాత దగ్గరకు పోయాను. ఆయన బోర్లా పడ్డ టాంగా చక్రం మీద కూర్చుని ఉన్నాడు.

"చదివిన్రా? ఏమన్నరు?"

"తిట్టారు తాతా."

"నిన్నా?"

"నన్ను కొంచెం. తిండి పెట్టినవాణ్ణి ఎక్కువ."

తాత బీడీ వెలిగించుకున్నాడు. రెండు దమ్ములు లాగి, షెడ్డు వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"మంచిగ తిట్టిన్రా?"

"మంచిగనే తిట్టారు."

"ఏమేం అన్నరో అన్నీ చెప్పు," అని చక్రం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.