కాడి మీద రెండో గంటు

ఎనభైల మొదట్ల, వరంగల్‌ల నేను చదివే కాలేజీ హాలుల పాత వ్యవసాయ పనిముట్లతో ఒక ప్రదర్శన పెట్టినం. నాగలి, కాడి, గొర్రు అన్నీ కప్పుకు తీగలతో వేలాడదీసి, ఆకాశాన్ని దున్నుతున్నట్టు అమర్చినం. కింద 'రైతన్న తెలివి' అని నేనే అట్ట మీద రాసి పెట్టిన.

కాడి మాదే. హసన్‌పర్తిల మా కొట్టంలకెళ్లి బస్సు టాపు మీదేసి తెచ్చిన. నాగలి తాడు కట్టే గంటు దానికి నడుమ ఉంది. జానెడు పక్కన ఇంకోటుంటే, ఎవరో తప్పు కోసిండ్రనుకుని లప్పం పెట్టి పూడ్చి వార్నిష్ కొట్టిన.

మరునాడు ఊర్నుంచి మా బాపు చూడొచ్చిండు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, చెయ్యెత్తి కాడిని తడిమిండు.

"ఈడ ఇంకో గంటుండాలె గదా."

పూడ్చిన సంగతి చెప్పిన.

"ఎడమ దిక్కు కట్టే దాపటెద్దు ముసలిదైంది. తాడు రెండో ఎద్దు దిక్కు జరిపి కడితే ముసలిదానికి బరువు తక్కువ పడ్తది. అందుకే కోసిన."

ఆ ముసలెద్దును అంగడికి తోలెయ్యమని అప్పట్ల రోజూ పోరింది గూడ నేనే.